నూకల జావ

ఆ మధ్యాహ్నం సౌదీలో, నేను నర్సుగా పనిచేసే తాయిఫ్ ఆసుపత్రి ఎమర్జెన్సీకి ఒక ఆడమనిషిని తీసుకొచ్చారు. నలభై దాటి ఉంటాయి. సన్నగా, పొట్టిగా ఉంది. పై నించి వేసుకున్న నల్ల అబాయా చిరిగింది, ఒంటి నిండా దుమ్ము. ఎవరింట్లోనో పనిమనిషి. మేడ మీంచి పడిందని తెచ్చిన డ్రైవరు చెప్పాడు. స్కానింగులో కడుపులో రక్తం కనబడింది. ఆపరేషన్ థియేటరు ఖాళీ అయ్యేసరికి గంటన్నర పడుతుందన్నారు.

ఆమె మాట ఎవరికీ తెలియలేదు. ఫిలిప్పీన్స్ నర్సమ్మాయిలు తమ భాషలో పలకరించారు. లాభం లేదు. నేల తుడిచే ఇండోనేషియా ఆవిడ వచ్చి నాలుగు మాటలు ప్రయత్నించి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది. నేను సెలైను సరిచేస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నూక్," అంది. ఎండిపోయిన పెదాలు తడుపుకోవడానికి నాలుకలో తడి లేదు. మళ్ళీ అంది. "నూక్... నూక్."

నా చేతులు ఆగిపోయాయి. ఆ మాట నాకు తెలుసు. పదేళ్ళ వయసులో విన్నాను. అరవై ఏళ్ళ వయసులో, ఈ కొండల ఊళ్ళో, మళ్ళీ వింటాననుకోలేదు.

బయట బెంచీ మీద డ్రైవరు కూర్చుని ఉన్నాడు. రాయచోటి వైపు మనిషి. నేను మా అమ్మాయితో ఫోన్లో తెలుగులో మాట్లాడుతుంటే విని, తనూ తెలుగువాడినేనని అంతకు ముందే చెప్పాడు.

"ఆమెది ఏ దేశం బాబూ?" అని అడిగాను.

"వియత్నాం అంటక్కా. వచ్చి ఏడాది దాటింది."

"నిజంగా పడిందా?"

అతను చెప్పుల వైపు చూసుకున్నాడు. "పడిందనే చెప్పమన్యారక్కా. నా ఇకామా ఆ ఇంటాయప్ప చేతిలో ఉండాది. ఇంగేం అడగొద్దు." ఇకామా అంటే ఇక్కడ ఉండి పని చేసుకోనిచ్చే కార్డు; అది పోతే ఉద్యోగం పోయినట్టే.

లోపలికి వచ్చేసరికి ఈజిప్టు సర్జను చూసి వెళ్ళాడు. మంచం తలాపున కాగితం అంటించి ఉంది. నోటికి ఏమీ ఇవ్వకూడదు, నీళ్ళ చుక్క కూడా. సబబైన మాటే. మత్తు ఇచ్చే ముందు కడుపు ఖాళీగా ఉండాలి. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఉద్యోగంలో ఎంతమంది దాహాన్ని కాదన్నానో లెక్కలేదు. వాళ్ళ మంచికే కాదన్నాను. ఆ రోజు మాత్రం ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను. గాజ్ గుడ్డ తడిపి పెదాలకి అద్దాను. ఆమె ఆ గుడ్డని పళ్ళతో గట్టిగా పట్టుకుంది. విడిపించి తీసేసుకున్నాను.

ఆమెని థియేటరులోకి తోసుకెళ్ళాక బాత్రూములో గడియ పెట్టుకుని ఏడ్చాను. ఆ ఏడుపు ఆమె ఒక్కదాని కోసమే కాదు.

మా అమ్మ పుట్టిల్లు యానాం. గోదావరి పాయ ఒడ్డున, మన మధ్యలోనే ఉండి ఫ్రెంచివాళ్ళు ఏలుకున్న చిన్న ఊరు. నాన్న ఉద్యోగం కాకినాడలో. వేసవి సెలవులు ఇచ్చిన మర్నాడే అమ్మ నన్నూ, మా పెద్దమ్మ కొడుకు అన్నయ్యనీ బస్సెక్కించి పంపేసేది. బస్సు దిగగానే ఎండు రొయ్యల వాసన, ఏటి బురద వాసన కలిసి తగిలేవి. ఆ వాసన తగిలితే బడి లేనట్టే.

మా తాతయ్యని ఊళ్ళో సొల్దా తాత అనేవారు. సొల్దా అంటే ఫ్రెంచి మాటలో సిపాయి. పడుచు వయసులో దొరల పటాలంలో చేరి, ఓడెక్కి వియత్నాం వెళ్ళాడు. అప్పుడది కూడా ఆ దొరల రాజ్యమే. అక్కడి జనం తిరగబడ్డారు. వాళ్ళని అణచడానికి దొరలు తమ కింద ఉన్న అన్ని దేశాల నించీ మనుషుల్ని దింపారు. తాతయ్య ఏడెనిమిదేళ్ళు అక్కడే ఉన్నాడు. దొరలు ఓడిపోయి వెనక్కి పంపేసరికి, ఇక్కడ యానాంలో కూడా దొరలు పెట్టెలు సర్దుకుంటున్నారట. "ఎక్కడ దిగినా ఒకటే సామాను మోత," అనేవాడు. అంతకు మించి ఆ దేశం గురించి ఎప్పుడూ ఏమీ చెప్పేవాడు కాదు.

అక్కణ్ణించి తెచ్చుకున్నది ఒక రుచి. పిల్లచేపల్ని ఉప్పుతో పొరలు పొరలుగా జాడీలో వేసి, పెరట్లో ఎండలో నెలల తరబడి మాగబెట్టేవాడు. ఊరిన ఎర్రటి నీటిని వడగట్టి అన్నంలో నాలుగు చుక్కలు వేసుకునేవాడు. దాని కంపు గురించి వీధి వీధంతా మాట్లాడుకునేది. ఒకసారి పక్కింట్లో పెళ్ళిచూపులు జరుగుతుంటే, నేనూ అన్నయ్యా ఆ జాడీ మూత తీసి గోడ పక్కకి జరిపి పెట్టాం. పెళ్ళివారు పకోడీలు సగంలో వదిలేసి, ముక్కులకి తువ్వాళ్ళు అడ్డం పెట్టుకుని అరుగు మీదకి వచ్చేశారు. అమ్మమ్మ మా ఇద్దరి వీపులూ వాయించింది. తాతయ్య మాత్రం చుట్ట నోట్లోంచి తీసి మరీ నవ్వాడు. ఆయన అలా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మధ్యాహ్నం భోజనమయ్యాక వసారాలో నులక మంచం మీద పడుకునేవాడు. కాసేపటికి నిద్రలో మూలిగేవాడు. చేతులు నడుము దగ్గర దేన్నో తడుముకునేవి. "నూక్... నూక్..." అనేవాడు, చిన్న గొంతుతో, బతిమాలుతున్నట్టు. అది తాతయ్య గొంతులా ఉండేది కాదు.

అమ్మమ్మ వెంటనే పొయ్యి దగ్గరికి వెళ్ళేది. బియ్యం నూకలు వేయించి, జావ కాచి, ఉప్పూ మజ్జిగా కలిపి, ఉల్లిపాయ ముక్కతో సిద్ధంగా పెట్టేది.

"తాతయ్య ఇప్పుడేగా అన్నం తిన్నాడు?" అని అడిగాను ఒకసారి.

"నిద్దట్లో నూకలు అడుగుతున్నాడే పిచ్చిదానా. ఆ దేశంలో తిండికి ఎంత మొహం వాచాడో. ఇన్నేళ్ళయినా ఆకలి తీర్లేదు," అంది అమ్మమ్మ.

తాతయ్య లేచి, చెమట తుడుచుకుని, ఆ గిన్నె అందుకుని అడుగు దాకా తాగేవాడు.

మా మావయ్య, ఆయన ఒక్కగానొక్క కొడుకు, బడిపంతులు. ఎర్రజెండా మనిషి. దొరలు పోయాక వియత్నాంలోకి అమెరికావాళ్ళు దిగారనీ, అడవుల మీద మందు జల్లి ఆకులు రాల్చేస్తున్నారనీ, చిన్నపిల్లల మీద నిప్పు పోస్తున్నారనీ పేపరు చదివి మాకు చెప్పేవాడు. చెబుతుంటే కళ్ళు ఎర్రబడేవి. వసారాలో చుట్ట కాలుస్తూ తాతయ్య అన్నీ వినేవాడు. తన తండ్రిని దొరలు పట్టుకుపోయి బలవంతంగా సిపాయిని చేశారని మావయ్య నమ్మకం. అలా అని ఎవరు చెప్పారో తెలియదు. తాతయ్య అవునని గానీ కాదని గానీ అనలేదు.

ఆవకాయ కోసం ఇంటింటా కారం దంపుతున్న రోజులు. ఒక ఉదయం మావయ్య రేడియో చంకన పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. సైగాన్ నగరం వియత్నాం ఎర్రజెండా వాళ్ళ చేతికొచ్చేసింది. అమెరికావాళ్ళు మేడల మీంచి హెలికాప్టర్లు ఎక్కి పారిపోయారు. మావయ్య అమ్మమ్మ నోట్లో పంచదార పోశాడు. మమ్మల్ని ఎత్తి తిప్పాడు. తాతయ్య అల్లుతున్న వల పక్కన పెట్టి లేచాడు. నూతి దగ్గరికి వెళ్ళి, కాళ్ళూ చేతులూ మొహం కడుక్కుని, చాలాసేపు తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాడు.

ఆదివారం సాయంత్రం ఏటి ఒడ్డున విజయోత్సవ సభ పెట్టారు. కాకినాడ నించి నాయకుడు వస్తున్నాడు. మావయ్య తాతయ్య దగ్గర కూర్చున్నాడు.

"నువ్వు మాట్లాడాలి నాన్నా. ఈ చుట్టుపక్కల ఆ దేశం చూసినోడివి నువ్వొక్కడివే."

"నాకేం మాటలొచ్చురా."

"చూసింది చెప్పు చాలు. వాళ్ళ ధైర్యం నువ్వు కళ్ళారా చూశావు కదా."

"వద్దురా," అన్నాడు తాతయ్య. మూడు రోజులు అదే మాట. శనివారం మాత్రం చాకలికి ఇచ్చిన పంచె వచ్చిందా అని అడిగాడు. అంటే వస్తాడన్నమాట. నేనూ అన్నయ్యా ఆ పూటంతా అన్నం మెతుకులతో ఎర్ర కాగితాలు అతికించి జెండాలు చేశాం. మా తాత వియత్నాం కోసం యుద్ధం చేశాడని వీధిలో పిల్లలందరికీ చెప్పుకున్నాం.

సభకి చాలామందే వచ్చారు. మేం ముందు వరసలో ఇసకలో కూర్చున్నాం. నాయకుడు మాట్లాడాక తాతయ్యని పిలిచారు. ఆయన మైకు ముందు నిలబడి, అలవాటు కొద్దీ మడమలు దగ్గరికి చేర్చాడు.

"ఆయ్. నేను వాళ్ళ తరపోణ్ణి కాదండీ. దొరల తరపోణ్ణి. ఈ కుర్రోళ్ళకి తెలీక పిలిచారు."

జనంలో ఎవరో నవ్వారు, వినయం అనుకుని.

"నన్నెవరూ పట్టుకుపోలేదండీ. తిండి లేక నేనే ఎళ్ళాను. అక్కడ ఒక చిన్న ఊళ్ళో మాకు ఠాణా ఉండేది. చుట్టూ వరిచేలు, అచ్చం మనూరే. ఒక మనిషిని పట్టుకొచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయి. కాళ్ళకి మోకాళ్ళ దాకా బురద. తుపాకీ లేదు, కొడవలుంది. మిగతావోళ్ళు ఎక్కడున్నారో చెప్పేదాకా నీళ్ళివ్వద్దని దొర చెప్పాడు. ఎండలో గుంజకి కట్టేశారు. కాపలా నాది.

"పొద్దున్నించీ ఆ మనిషి నీళ్ళు అడిగాడండీ. వాళ్ళ మాటలో నూక్ అంటే నీళ్ళు. నూక్, నూక్ అని. నా నడుముకి సీసా ఉంది. నిండుగా ఉంది. మధ్యాహ్నం దొర భోంచేసి పడుకున్నాడు. అక్కడ నేనూ ఆ మనిషీ తప్ప పిట్ట లేదు. ఇవ్వచ్చు. ఎవరూ చూసేవోళ్ళు లేరు. ఇవ్వలేదండీ. నాకు దాహమేస్తే నేను తాగాను. ఆయన చూస్తానే ఉన్నాడు. పొద్దుగూకే ఏళకి అడగడం మానేశాడు."

వెనకనించి ఒక ముసలాయన అడిగాడు. "భయపడ్డావా?"

"భయమే అనుకున్నానండీ ఇన్నాళ్ళూ. భయం కూడా లేదు. చెప్పారు, చేశాను. అంతే."

నాయకుడు లేచి తాతయ్య భుజం మీద చెయ్యి వేసి మైకు తన వైపు తిప్పుకున్నాడు. మంచి మాటకారి. "మిత్రులారా, ఈ పెద్దాయన తప్పేముంది? ఆకలి పంపింది, వెళ్ళాడు. తుపాకీ దొరది, హుకుం దొరది..."

"సీసా నాదండీ," అన్నాడు తాతయ్య.

మైకుకి దూరంగా అన్నాడు. ముందు వరసలో ఉన్న మాకు మాత్రమే వినబడింది. నాయకుడికీ వినబడే ఉంటుంది. ఆయన మాట్లాడుతూనే పోయాడు. తాతయ్య మెట్లు దిగి, ఇసకలో పడుతూ లేస్తూ ఇంటివైపు నడిచాడు. మావయ్య వేదిక మీద తల వంచుకుని కూర్చున్నాడు. నా చేతిలో కాగితం జెండా చెమటకి తడిసి రంగు వేళ్ళకి అంటుకుంది.

మేం ఇంటికి వెళ్ళేసరికి అమ్మమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. సభలో ఆడవాళ్ళ వైపు నించి అంతా విని వచ్చేసింది. పొయ్యి వెలిగించలేదు.

"నీళ్ళా?" అంది. "ఇన్నేళ్ళూ నేను జావ కాసి పోస్తుంటే ఎందుకు తాగావయ్యా?"

"ఏం చెప్పమంటావు?" అన్నాడు తాతయ్య.

ఆ తరవాత ఆ ఇంట్లో నూకల జావ కాయలేదు.

మావయ్య పది రోజులు ఇంటికి రాలేదు. వచ్చిన రోజు గుమ్మంలోనే నిలబడి అన్నాడు. "అంతమందిలో నా తల తీసేశావు."

"చూసింది చెప్పమన్నావు కదరా."

"గెలిచిన రోజునే చెప్పాలా?"

"ఇంకెప్పుడు చెప్పమంటావురా. వాళ్ళు ఓడిపోయుంటే నాకు నోరు పెగిలేది కాదు," అన్నాడు తాతయ్య.

మావయ్య లోపలికి వచ్చి అన్నం తిన్నాడు. ఆ తరవాత కూడా తండ్రితో అవసరానికి మించి మాట్లాడింది లేదు. మా చర్చి ఫాదరు కబురు పెట్టాడు, వచ్చి తన దగ్గర తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకోమని. తాతయ్య వెళ్ళలేదు. "ఊరందరికీ చెప్పాను, ఫాదరు గారికి విడిగా ఏం చెప్పేది," అన్నాడు. వీధిలో పిల్లలు ఆయన నడిచి వెళ్తుంటే వెనకనించి "నూక్, నూక్" అనేవారు. ఆ మాట వాళ్ళకి తెలిసింది కూడా మేం గొప్పలు చెప్పి సభకి లాక్కెళ్ళడం వల్లే. ఆయన వెనక్కి తిరిగేవాడు కాదు. నడక మాత్రం కొంచెం నిదానమయ్యేది.

నా సంగతి చెప్పాలి. సెలవులు అయిపోయే ముందు తాతయ్య తాటికాయలు కొట్టి, ముంజలు వొలిచి ఆకులో పెట్టి నాకిచ్చాడు. లేత ముంజలు, వేలు గుచ్చితే నీళ్ళు చిమ్మేవి. నాకు ప్రాణం. ఆ రోజు ఆయన చేతుల వైపు చూశాను. నాకొద్దు అన్నాను.

"కడుపునొప్పా?" అని అడిగాడు.

"కాదు. నాకొద్దు."

ఆయనకి అర్థమైంది. ఆకు మడిచి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి చీమలు పట్టాయి. మళ్ళీ ఎప్పుడూ తన చేత్తో నాకేదీ అందించలేదు. ఏదైనా ఇవ్వాలంటే అమ్మమ్మకిచ్చి ఇప్పించేవాడు. పదేళ్ళ పిల్లని, తెలియక చేశాను అని అంటే అనచ్చు. తెలిసే చేశాను.

తాయిఫ్‌లో ఆ మనిషి బతికింది. ప్లీహం తీసేశారు. మూడు రోజులు ఐసీయూలో ఉండి వార్డుకి వచ్చింది. ఇంటివాళ్ళు ఒక్కసారి వచ్చి, కాగితాల మీద సంతకం పెట్టి వెళ్ళారు. వారం తరవాత డ్రైవరు ఆమె బట్టల సంచీ తెచ్చాడు. ఇచ్చాక కూడా వెళ్ళిపోకుండా వరండాలో నిలబడ్డాడు.

"ఆయమ్మ పడల్యా అక్కా. దూకింది," అన్నాడు. "నాలుగు నెలలాయ, బయటి తలుపుకి తాళమేసి పోతాండ్రి. ఫోను గూడా పెరుక్కున్యారు."

"ఇది పోలీసుల ముందు చెబుతావా? నీ ఇకామా..."

"రోజూ ఆ తలుపుకి తాళమేసింది నేనేనక్కా. చెప్పమంటే ఏసినా. చెప్తా."

చెప్పాడు. పోలీసుతో పాటు ఆసుపత్రి సోషల్ వర్కరు కూడా రాసుకుంది, నేను పక్కనే నిలబడ్డాను. వియత్నాం ఎంబసీ నించి ఒకావిడ వచ్చింది. ఇంటివాళ్ళ దగ్గరున్న ఆమె పాస్‌పోర్టు బయటికొచ్చింది. డ్రైవరుకి మాత్రం ఆ నెలలోనే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి దేశానికి పంపేశారు. వెళ్ళే ముందు ఫోన్ చేసి, "పోతాండానక్కా," అన్నాడు. ఊళ్ళో ఇద్దరు ఆడపిల్లలని అంతకు ముందు చెప్పి ఉన్నాడు.

ఆమె వెళ్ళిపోయే ముందురోజు నా డ్యూటీ అయ్యాక పక్కన కూర్చున్నాను. నా ఫోన్లో ఇంగ్లీషులో మాట్లాడితే అది వాళ్ళ భాషలో చదివి వినిపిస్తుంది. ఏ హక్కుతో చెప్పానో తెలియదు. మా తాత మీ దేశంలో దొరల సిపాయి అని చెప్పాను. గుంజ సంగతి చెప్పాను, సీసా సంగతి చెప్పాను. ఫోను అంతా ఒకే గొంతుతో చదివింది, మందుల చీటీ చదివినట్టు.

ఆమె కళ్ళు మూసుకుని వింది. తరవాత ఫోను దగ్గరికి లాక్కుని మెల్లగా మాట్లాడింది.

"మా తాతకి ఒక తమ్ముడు. ఫ్రెంచివాళ్ళ రోజుల్లో ఇంట్లోంచి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఎక్కడ పోయాడో, ఏ రోజు పోయాడో తెలియదు. అందుకని ఇల్లు విడిచి వెళ్ళిన రోజునే ఏటా అన్నం పెడతాం. మా వైపు అలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి."

ఫోను వదలకుండా అడిగింది. "మీ తాత ఉన్నది ఏ ఊరు?"

తెలియదన్నాను. ఆమె నా మొహం వైపు చూసింది. కోపం లేదు. తెలిసి ఉంటే బాగుండేది అన్నట్టు చూసి, దిండు కొంచెం పైకి జరపమని సైగ చేసింది. మర్నాడు చక్రాల కుర్చీలో ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళారు.

ఆ రోజు ఏటి ఒడ్డున అంతమంది ఉన్నారు. భయపడ్డావా అని అడిగారు. తప్పు ఎవరిదో తేల్చారు. అది ఏ ఊరని ఒక్కరూ అడగలేదు. నాయకుడు గానీ, మావయ్య గానీ, ఫాదరు గానీ, అమ్మమ్మ గానీ. తాతయ్య ఆ తరవాత ఇంకో తొమ్మిదేళ్ళు బతికాడు. నాకు నర్సింగులో సీటొచ్చినప్పుడు నన్ను రైలెక్కించడానికి ఆయనే వచ్చాడు. బండి బాగా ఆలస్యం. ప్లాట్‌ఫారం బెంచీ మీద ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఆయనకి ఆ ఊరి పేరు గుర్తుండే ఉంటుంది. ఎలా మర్చిపోతాడు. నేను వేరుశనగకాయలు వొలుచుకుంటూ, బండి ఎప్పుడొస్తుందో కనుక్కోమని మాత్రం ఆయన్ని రెండుసార్లు పంపాను.